గేటు తీసుకుని వచ్చేసే కంపెనీల వాళ్ల గురించి
అందరికీ నమస్కారం. కరెంటు, గ్యాస్, నీళ్ల కంపెనీల వాళ్లు అడక్కుండానే కాంపౌండులోకి వచ్చేస్తున్నారని నిన్నటి నుంచి గ్రూపులో ఒకటే గోల. కోపం న్యాయమే. కానీ ముందు ఇంటి దస్తావేజులు తీసి చూడండి. లైను వెళ్లే జాగా మీద కంపెనీకి రాకపోకల హక్కు రాసి ఉంటే, స్థలం మనదే అయినా అక్కడిదాకా రావచ్చు. (అలాగని ఆ హక్కు పడగ్గదిదాకా సాగదు లెండి!)

గ్యాస్ లీకో, తెగిన తీగో అయితే మాత్రం దయచేసి అడ్డుపడకండి.

మామూలు మీటరు పనికి వస్తే గుర్తింపు కార్డు అడగండి. కార్డు మీది నంబరుకి కాదు, మీ బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి. తవ్వకంలో గోడో మొక్కలో పాడైతే, వాళ్లు మట్టి కప్పేయకముందే ఫొటోలు తీసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నంబరు తీసుకోండి.