ఆదివారం పాపికొండలు: అందరూ చదవండి

అందరికీ నమస్కారం. పాపికొండల ట్రిప్ ఖాయమైంది. ఈ ఆదివారమే.

తెల్లవారుజామున 4 గంటలకు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర బస్సు. గుంటూరు వాళ్లు శనివారం రాత్రికే మా ఇంటికి వచ్చేయండి, పడుకోవడానికి చాపలున్నాయి. రాజమండ్రిలో టిఫిన్, గండి పోచమ్మ గుడి దగ్గర బోటు.

వానాకాలంలో గోదావరికి వరదొస్తే బోట్లు ఆపేస్తారు. అందుకే కార్తీకం దాకా ఆగాం. పేరంటపల్లిలో శివాలయం కూడా చూడొచ్చు. వెదురు బొంగు చికెన్ మాత్రం కార్తీకం చేసేవాళ్లు వాసనతో సరిపెట్టుకోవాలి, బాబాయ్!

బోటులో లైఫ్ జాకెట్ ఎక్కేటప్పుడు వేసుకుంటే దిగేదాకా తీయకూడదు. ఫొటో కోసం కూడా. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో మర్చిపోలేదు కదా. పిల్లల్ని రెయిలింగ్ దగ్గర వదలొద్దు.

2008 నుంచి పాపికొండల అడవి నేషనల్ పార్క్. ప్లాస్టిక్ కవర్లు, స్పీకర్లు తేవద్దు. అడవిలో మన పాటలెవరికి కావాలి?

పిన్ని పులిహోర, అత్తయ్య చపాతీలు. స్టీలు సీసాల్లో నీళ్లు ఎవరివి వాళ్లవే. ఆధార్, పెద్దవాళ్ల మందులు చేతిసంచిలో పెట్టుకోండి. కొండల మధ్య సిగ్నల్ ఉండదు, ఇంట్లో ముందే చెప్పండి.

ఎంతమంది వస్తున్నారో, పిల్లల వయసులతో సహా, గురువారం రాత్రిలోగా ఇక్కడే రాయండి. బొటనవేలు గుర్తు పెడితే లెక్కలోకి రాదు.