స్టార్లు కాదు, చిక్కెక్కడో అడగండి

సంపాదకులకు నమస్కారం.

గిటార్ పెడళ్లను (కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే పెట్టెలను) ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకొనే కిట్లు అమ్మే వెబ్‌సైట్లు, సరుకు చేరిన మర్నాడే ఎన్ని స్టార్లు ఇస్తారని అడగడం పరిపాటి అయింది. అప్పటికి కొన్నవారు పెట్టె కూడా విప్పి ఉండరు కనుక, ఆ రేటింగుతో తెలిసేది కొరియర్ సంగతే.

కిట్ బాగోగులు విడిభాగాలతో పాటు సూచనల పత్రంపైనా ఆధారపడతాయి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ (ప్లస్, మైనస్ కాళ్లుండే విడిభాగం) మీది గీత మైనస్ కాలిని చూపుతుంటే, బోర్డు మీద తరచూ ప్లస్ గుర్తే ముద్రించి ఉండటంతో కొత్తవారు దాన్ని తిరగేసి అతికిస్తుంటారు. 9 వోల్టుల పెడళ్లలో ఎక్కువ వాటికి అడాప్టర్ పిన్ను లోపలి భాగం మైనస్ కావాలి; మామూలు అడాప్టర్లలో చాలావరకు అది ప్లస్. నేను ఈమధ్య తెప్పించుకున్న కిట్ సూచనల్లో ఈ ముక్కే లేదు.

1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ తరహా సర్క్యూట్లలో వాడే జర్మేనియం ట్రాన్సిస్టర్లకు వేడి పెరిగేకొద్దీ లీకేజీ (అనవసరంగా కారే కరెంటు) పెరిగి ధ్వని మారిపోతుంది. చలిదేశంలో కూర్చున్న అమ్మకందారుకు మే నెల విజయవాడ నుంచి వచ్చే అభిప్రాయం కంటే విలువైన పరీక్ష ఏముంటుంది?

అందువల్ల నెల ఆగి, పెడల్ మోగిందా, ఏ మెట్టు దగ్గర పని ఆగింది అని అడగాలి. ముఖ్యంగా మధ్యలో వదిలేసినవారిని అడగాలి, ఎందుకంటే వారు తమంతట తాము రాయరు. కూపన్ ఆశ చూపి రాబట్టే పొగడ్తలు ప్రకటనలకు పనికొస్తాయేమో గానీ, సూచనలను దిద్దడానికి కాదు. దిద్దిన పత్రంపై సవరణ తేదీ వేసి, పాత కొనుగోలుదారులకూ పంపాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ