రంగుల పరీక్షతో పిల్లల ఏకాగ్రతకు మార్కులా?

సంపాదకులకు నమస్కారం.

సెలవులొస్తే చాలు, మా ఊళ్లో పిల్లల మెదడుకు పదును పెడతామనే క్లాసులు పుట్టుకొస్తాయి. అలాంటి ఒకచోట మూడో తరగతి చదివే మా పాపకు రంగుల పరీక్ష పెట్టారు. ‘రెడ్’ అనే మాట నీలం రంగులో, ‘గ్రీన్’ అనే మాట ఎరుపులో అచ్చేసి ఉంటుంది, మాట చదవకుండా రంగు పేరు గబగబా చెప్పాలి. పాప తడబడింది. ఏకాగ్రత తక్కువ, కోర్సులో చేర్పించండి అన్నారు, అదీ పాప ముందే!

ఇది స్ట్రూప్ పరీక్ష. అమెరికాలోని నాష్‌విల్‌లో జాన్ రిడ్లీ స్ట్రూప్ కాలేజీ విద్యార్థులతో చేయించి 1935లో ప్రచురించాడు. వంద రంగు గళ్లు చూసి రంగులు చెప్పడానికి వాళ్లకు సగటున 63 సెకన్లు పట్టింది, గళ్ల బదులు వేరే రంగుల పేర్లు పెట్టేసరికి 110 సెకన్లయింది. అదే మాటల్ని ఉత్తినే చదవమంటే, ఏ రంగులో ఉన్నా తేడా రెండు సెకన్లే. చదవడం అంతగా అలవాటైపోతుంది, కన్ను పడగానే అర్థం వచ్చేస్తుంది, రంగు పేరేమో వెతుక్కుని చెప్పాలి, ఈలోగా చదివిన మాట నోటిదాకా వచ్చి అడ్డం పడుతుంది. రంగుల పేర్లే కానక్కర్లేదు, గడ్డి, ఆకాశం, నిమ్మకాయ లాంటి మాటలు కూడా కొంత అడ్డుపడతాయని 1964లో జార్జ్ క్లైన్ చూపించాడు.

చదవడం రాని పిల్లలకు ఈ ఇబ్బందే ఉండదు. చదువు పట్టుబడే రెండు, మూడు తరగతుల్లోనే తడబాటు బాగా ఎక్కువ, పెద్దవుతున్నకొద్దీ తగ్గుతుంది. పైగా రెండు భాషలు చదివేవాళ్లకు, ఏది ఎక్కువ అలవాటైతే ఆ భాష మాటలే మామూలుగా ఎక్కువ అడ్డొస్తాయి. అలాంటప్పుడు తెలుగు మీడియం పిల్లల్నీ ఇంగ్లిష్ మీడియం పిల్లల్నీ ఒకే ఇంగ్లిష్ కాగితంతో కొలిచి ర్యాంకులివ్వడం ఏం న్యాయం?

మానసిక నిపుణులూ ఈ పరీక్ష వాడతారు, కాదనను. కానీ వయసు, చదువు, భాష చూసి, మిగతా పరీక్షలతో కలిపి చూస్తారు, ఐదు నిమిషాల్లో తేల్చేసి ఫీజు అడగరు.

విద్యాశాఖ అధికారులు ఈ క్లాసులవాళ్లు ఏ అర్హతతో ఇలాంటి రిపోర్టులు ఇస్తున్నారో అడగాలి. మీరు కూడా పిల్లల పేజీలో ఈ ఆటను తెలుగు మాటలతో వేసి, ఎందుకు తడబడతామో పక్కనే రాయండి. అలాంటి రిపోర్టు చేతికొచ్చిన తల్లిదండ్రులు డబ్బు కట్టేముందు ఒకసారి బడిలో టీచర్‌ని అడగండి, పిల్ల ఎలా చదువుతోందో రోజూ చూసేది ఆవిడే.

— ఒక తల్లి, రాజమహేంద్రవరం