ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని, వయసు 63. వేసవిలో మేడ మెట్లు ఎక్కుతుంటే ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండేది. రెండు నిమిషాలు నిలబడితే పోయేది. ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీసి, అంతా బాగుందని గ్యాస్ మాత్రలు రాసి పంపారు. నాలుగు నెలలు అవే మింగాను. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసే ఈసీజీలో రక్తనాళాల పూడిక బయటపడకపోవచ్చని ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే!

చివరికి హనుమకొండలో మరో వైద్యుడు సీటీ యాంజియోగ్రామ్, అంటే గుండె రక్తనాళాలను చూపే స్కాన్, రాశారు. ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూశారు, నాళాలు బొమ్మలో కనబడేందుకు ఎక్కించే మందు మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి కనుక. నా నాడి 84 ఉంది. గుండె వేగంగా కొట్టుకుంటే బొమ్మ చెదురుతుందట. మాత్ర ఇచ్చి, 60కి దిగేదాకా గంటసేపు బల్ల మీద కూర్చోబెట్టారు. చేతి నరంలోకి మందు వెళ్లగానే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వెచ్చదనం పాకింది. ఊపిరి కాసేపు బిగబట్టాను, అంతే. తెర మీద తెల్లని దారంలా సాగిన నాళం ఒకచోట సూదిమొనంత సన్నబడింది. నా భార్య అక్కడ వేలు పెట్టి "ఇదేనా?" అని అడిగింది.

ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. రేడియేషన్ ఉంటుంది, ఖర్చూ ఉంటుంది. కానీ నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పిని గ్యాస్ అని తోసేయవద్దని వైద్యులను వేడుకుంటున్నాను. జిల్లాల్లోని ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఈ స్కాన్ తీసేవారిని, చదివి చెప్పేవారిని ఆరోగ్యశాఖ నియమించాలి. పత్తి చేలల్లో ఛాతీ పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయే మా ఊరివాళ్లు హైదరాబాద్ దాకా వెళ్లలేరు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల, హనుమకొండ జిల్లా