క్యాంపు జాగాను రాత్రిపూట చూడండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది హనుమకొండ. ఇద్దరు పిల్లలు, మా ఆయన, అత్తమ్మ, నేను. సెలవులు వస్తే రామప్ప, లక్నవరం, పాకాల, తాడ్వాయి దారుల్లో తిరిగొస్తుంటాం. టెంట్ వేసుకుని రాత్రి ఉండటమంటే మా పిల్లలకు ప్రాణం. కానీ మా చుట్టాల్లో, స్నేహితుల్లో చాలామంది పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. ఉండాలని లేక కాదు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇల్లు ధైర్యంగా ఒక రాత్రి గడిపే చోటు దొరకక. ఉత్తర తెలంగాణలో అలాంటి క్యాంపు జాగాలు ఏర్పాటు చేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చెట్ల కింద పడుకోవడం మాకు కొత్తేమీ కాదు సార్. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు పోయినప్పుడు ఇంటిల్లిపాదీ గుడారం వేసుకుని, అక్కడే వండుకుని తిని, అక్కడే పడుకుంటాం. ఆదిలాబాద్ వైపు కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు వచ్చే మెస్రం వంశస్థులు మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఎంతమంది వచ్చినా 22 పొయ్యిల మీదే వంతులవారీగా వండుకోవడం వాళ్ల ఆచారం. కార్తీకంలో చెట్ల కింద వంటలు పెట్టుకోని ఊరు మన దగ్గర ఉండదు. మేడారంలో మా అత్తమ్మ నడిరాత్రి లేచి ఒక్కతే నల్లా దాకా పోయి వస్తుంది. చుట్టూ కుటుంబాలే ఉంటాయి, లైట్లుంటాయి, పోలీసులుంటారు, వైద్య శిబిరం ఉంటుంది. లక్షల మందికి ఆ ఏర్పాట్లన్నీ చేసేది ప్రభుత్వమే. అందులో పిసరంత పనిని ఒకట్రెండు ఎకరాల్లో, ఏడాదిలో నాలుగు నెలలు చేయమని అడుగుతున్నాను.

నేను చూసినంతలో క్యాంపు జాగాలన్నీ పగటిపూట చూసి ఎంచినవే. నీళ్ల పక్కన, ఫొటో బాగా వచ్చే చోట, వరసగా రంగు రంగుల టెంట్లు. సాయంత్రం ఆరింటి దాకా అందరికీ సంతోషమే. మా టెన్షన్ మొదలయ్యేది పొద్దుగూకాక. కుటుంబం మళ్లీ వస్తుందా రాదా అన్నది ఆ రాత్రి ఎలా గడిచిందన్న దాన్ని బట్టే ఉంటుంది. అందుకే మీ అధికారులు జాగా చూడటానికి రాత్రి పది తర్వాత రావాలని నా విన్నపం.

ముందు మరుగుదొడ్డి సంగతి. ఒక చెరువు పక్కన ఒక ప్రైవేటు క్యాంపులో ఉన్నాం. టెంట్లేమో చాలా, మరుగుదొడ్లు రెండే. వాటికి పోయే దారిలో లైటు లేదు. తలుపుకి లోపలి గడియ ఊడిపోయింది. మా అమ్మాయి సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసింది. ఎందుకమ్మా అంటే, రాత్రి లేవాల్సి వస్తుందేమోనని. పదకొండేళ్ల పిల్ల ఆ లెక్క వేసుకుని గొంతెండబెట్టుకుంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? మాలాంటి ఆడవాళ్లను ఎవరినడిగినా ఇదే చెబుతారు. ప్రయాణమంటే ముందు గుర్తొచ్చేది చూడబోయే జలపాతం కాదు, మధ్యలో పోవడానికి చోటుందా లేదా అన్నది.

కావలసినవి పెద్ద ఖర్చువి కూడా కావు. ఆడవాళ్లకు వేరుగా, టెంట్ల నుంచి పిలిస్తే వినపడే దూరంలో ఉండాలి. దారి పొడుగునా నేల మీదికి పడే చిన్న లైట్లు చాలు. కరెంటు పోతే వెలిగేలా సోలార్‌వి అయితే ఇంకా మంచిది. లోపల గట్టి గడియ, బట్టలు తగిలించుకునే కొక్కెం, నెలసరి ప్యాడ్లు వేసే మూత ఉన్న డబ్బా, ఎప్పుడు తిప్పినా వచ్చే నీళ్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం ఒకటైనా వెస్టర్న్ ఉండాలి, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. పొద్దున అందరూ లేచే ముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి కడిగే మనిషి ఉండాలి, ఆ మనిషికి నెలనెలా సరిగ్గా జీతం అందాలి. కట్టిన ఏడాదికే తాళం పడ్డ మరుగుదొడ్లు మన పర్యాటక స్థలాల్లో చాలాచోట్ల కనిపిస్తాయి. కట్టడం కంటే నడపడం మీద మీరు ఎక్కువ దృష్టి పెట్టాలని అందుకే కోరుతున్నాను. ఆ మురుగు చెరువులోకి పోకుండా చూడాలి. ఆ నీళ్లతోనే కింద వరి పండుతోంది.

తర్వాత భయం పాములది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద నిద్రపోతున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. ఆ కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, మనిషి పరిస్థితి విషమించాక గాని అనుమానం రాదు. గడ్డి మీద నేరుగా టెంట్లు వేయించడం అందుకే తప్పు. మోకాలెత్తు అరుగులు కట్టి, వాటి మీద అడుగు భాగం కలిపి కుట్టిన, జిప్ పూర్తిగా పడే టెంట్లు వేయించాలి. చుట్టూ గడ్డి కోయించాలి. మిగిలిన అన్నం అక్కడే పారేస్తే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాములొస్తాయి. కాబట్టి చెత్త రాత్రికి రాత్రే తీసేయాలి. నాగుపాము, కట్లపాముతో సహా నాలుగు ప్రధాన విషసర్పాల కాటుకు ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. అది దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉంది, ఎంత దూరం, రాత్రి డాక్టర్ ఉంటారా అన్నది గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో రాసి ఉండాలి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. 108కి కాల్ చేద్దామన్నా దారి ఉండదు. ఒక వైర్‌లెస్ సెట్, రాత్రంతా సిద్ధంగా ఉండే ఒక వాహనం లేని చోట క్యాంపుకి అనుమతి ఇవ్వకండి సార్.

స్థానికులకు తెలిసినంత అడవి మనకు తెలియదు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, దాని కోసం ఎలుగుబంట్లు చీకట్లో వస్తాయి. ఆ రోజుల్లో ఇప్పచెట్ల దగ్గర బస పెట్టకూడదని కోయగూడెంలో ఎవరినడిగినా చెబుతారు. కోతుల బాధ అయితే మనందరికీ తెలిసిందే. తిండి సామాను పెట్టుకోవడానికి తాళం పడే ఇనుప పెట్టె ఒక్కొక్క అరుగు దగ్గర ఉంటే చాలు. ఆ గూడేల పిల్లలకే అక్కడ ఉద్యోగాలివ్వండి. రాత్రి కాపలాకు మెలకువగా ఉండే ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. మా అమ్మాయికి భయమేస్తే పోయి తలుపు తట్టగలిగే మనిషి కావాలి.

వానల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 జులై చివర ములుగు జిల్లాలో ముత్యంధార జలపాతానికి పోయిన సుమారు 80 మంది వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే, ఎన్డీఆర్ఎఫ్ బృందాలు రాత్రంతా కష్టపడి బయటికి తెచ్చాయి. ఆ వారంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మరుసటి ఏడు, 2024 ఆగస్టు 31న, తాడ్వాయి – ఏటూరునాగారం అడవిలో వీచిన గాలికి వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. ఆ చెట్ల కింద ఆ రోజు ఏ కుటుంబమైనా టెంట్ వేసుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె గుభేలుమంటుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా రాత్రి బసలు మూసేయండి. వాగు ఒడ్డున, చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దులోపల అసలే వద్దు. ఎండాకాలం మన రామగుండం ఎండల్లో టెంట్‌లో ఎటూ ఉండలేం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగా నడిపితే చాలు. ఆ నెలల్లో ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోతుంది కాబట్టి మందపాటి రగ్గులు అద్దెకు దొరకాలి.

కుటుంబాలు రాకపోవడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని మొహమాటం లేకుండా చెబుతాను. తాగి వచ్చే గుంపులు. కారు డోర్లు తెరిచి పెట్టే పాటలు, అర్ధరాత్రి అరుపులు, పొద్దున పిల్లల కాళ్లకు గుచ్చుకునే సీసా పెంకులు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఉన్నదాన్ని అమలు చేసే మనిషి ఆ రాత్రి అక్కడ ఉంటే సరిపోతుంది. కుటుంబాల కోసం వేరే జాగా కేటాయించి, అక్కడ మందు నిషేధమని బుకింగ్ అప్పుడే చెప్పి, మాట తప్పినవాళ్లను బయటికి పంపితే రెండు నెలల్లో ఆ చోటుకి మంచిపేరు వస్తుంది. ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే పేరు అది.

వంటకు రెండు దారులూ ఉంచండి. సర్వపిండి అక్కడికక్కడ వేడిగా కాల్చుకుని తినాలని మాకు ఉంటుంది. అలాంటివాళ్లకు పైకప్పు ఉన్న షెడ్డులో గట్టి పొయ్యిలు కట్టించండి. రోజూ వండే చేతులకు ఒక్కపూట విశ్రాంతి కావాలనుకునేవాళ్ల కోసం స్థానిక మహిళా సంఘం వాళ్లు జొన్నరొట్టె, పప్పు, నాటుకోడి కూర వండిపెడితే వాళ్లకూ నాలుగు డబ్బులొస్తాయి. చలిమంటలు మాత్రం ఎవరికి వాళ్లు వేసుకోనివ్వకండి. ఫిబ్రవరి వచ్చేసరికి టేకాకు రాలి అడవి నేలంతా ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. గట్టు కట్టిన ఒకే చోట అందరూ చుట్టూ కూర్చునే మంట ఉంటే పిల్లలకు అదే పండగ.

పిల్లల కోసం ఊయలలు, జారుడుబల్లలు తేవాలని ఎవరైనా మీకు చెబితే ఆ డబ్బు మిగిల్చుకోండి. వాళ్లకు ఖాళీ జాగా ఉంటే చాలు. గూడెం పెద్దాయన ఒకరు పొద్దున్నే తోడు తీసుకుపోయి ఏది తునికి చెట్టో, ఏది నల్లమద్దో, ఏ అడుగు ఏ జంతువుదో చూపిస్తే మా వాడు నెలరోజులు దాని గురించే మాట్లాడతాడు. పడవలున్న చోట పిల్లల సైజు లైఫ్ జాకెట్లు తప్పకుండా ఉంచండి. పెద్దల జాకెట్ పిల్లలకు తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు అది పైకి జారిపోతుంది, వాళ్లు కిందికి జారిపోతారు.

కాటేజీలు కట్టొద్దని నేననడం లేదు, కానీ వాటి ధరలు అందరికీ అందవు. సొంత టెంట్ తెచ్చుకున్న కుటుంబానికి అరుగు, నీళ్లు, మరుగుదొడ్డి, కాపలా ఇచ్చి జాగా అద్దె మాత్రమే తీసుకోండి.

మొదలు పెట్టడానికి పాలంపేట మంచి చోటని నాకు అనిపిస్తుంది. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక చూసేవాళ్లు పెరిగారు. ఎక్కువమంది గంటా రెండు గంటలుండి వెళ్లిపోతారు. చెరువు దగ్గరే ఉంది, ఊరు దగ్గరే ఉంది, అభయారణ్యం లోపలికి పోయే పనిలేదు. రాత్రి అక్కడే ఉన్నవాళ్లు తెల్లారి గుంపులు రాకముందే గుడిని ప్రశాంతంగా చూస్తారు. చెరువు హద్దుకు, పురావస్తు శాఖ హద్దుకు బయట ఒక ఎకరం వెతకండి. అది బాగా నడిస్తే పాకాల, జన్నారం వైపు ఆలోచించవచ్చు.

అనుమతి కాగితం మీద సంతకం చేసే ముందు ఒక్క పని చేయండి సార్. ఆ ఫైలు చూస్తున్న అధికారులను వాళ్ల ఇంటివాళ్లతో, పిల్లలతో, వీలైతే అమ్మానాన్నలతో అక్కడ ఒక రాత్రి పడుకోమనండి. తెల్లారాక వాళ్ల ఇంటి ఆడవాళ్లను అడగండి, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఒంటరిగా పోగలిగారా, నిద్ర పట్టిందా అని. వాళ్లు సరే అన్నాకే గేటు తెరవండి. వచ్చే కార్తీకానికి తెరిస్తే మొదటి వారమే మా అత్తమ్మను తీసుకుని వస్తాం.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక తల్లి