గేటు రిజిస్టర్ కోర్టుకు వచ్చింది, అందరికీ థాంక్స్

బెంగళూరు మారతహళ్లిలో మేం అద్దెకున్న ఫ్లాట్ అడ్వాన్సు కేసు ఏమైందని చాలామంది అడుగుతున్నారు. మొన్న ఆ అపార్ట్‌మెంట్ మేనేజర్ గేటు రిజిస్టర్ చంకన పెట్టుకుని సిటీ సివిల్ కోర్టుకు వచ్చి, బోనెక్కి సాక్ష్యం చెప్పి వెళ్లారు. లాయర్ లేకుండా నేనే నడుపుకుంటున్న కేసు ఇందాకా వచ్చిందంటే కొందరి చలవే. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: జూన్ ఆఖర్లోనే ఇల్లు ఖాళీ చేశామని మేం, సెప్టెంబర్ దాకా ఉన్నారని ఓనర్. అడ్వాన్సు గొడవంతా దీని మీదే. మా సామాన్ల లారీ వెళ్లిన తేదీ సెక్యూరిటీవాళ్లు రాసే ఆ గేటు రిజిస్టర్‌లో ఉంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను అది అడిగితే "కోర్టు ఆర్డర్ తెండి" అన్నారు. ప్రైవేటు సంఘం కాబట్టి ఆర్టీఐ (సమాచార హక్కు) కూడా పనికిరాదు.

మొదటి దండం కోర్టు దగ్గర టైపింగ్ చేసే హిందూపురం పెద్దాయనకు. "రికార్డులన్నీ తెప్పించండి అంటే జడ్జిగారు ఎందుకు ఒప్పుకుంటారమ్మా? ఏ పుస్తకం, ఏ తేదీలు, దాంతో నీకేం తేలాలి, అది రాయి" అన్నారు. ఆయన మాట ప్రకారం అప్లికేషన్‌లో "జూన్ 28 నుంచి 30 వరకు వాహనాల రాకపోకల పేజీలు" అని మాత్రమే అడిగాం. ఓనర్ లాయర్ అభ్యంతరం చెప్పినా, ఆ మూడు రోజుల పేజీలతో మీకొచ్చే నష్టమేంటని జడ్జిగారే అడిగారు.

పెద్దాయన చెప్పిన ఇంకో సంగతి నాకు బంగారం. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 16లో పత్రం తెమ్మని మాత్రమే సమన్లు అడగొచ్చు. అప్పుడు ఆ పుస్తకాన్ని ఎవరిచేతనైనా పంపించినా సరిపోతుంది. కానీ పుస్తకం బల్ల మీదికి వచ్చినంత మాత్రాన సాక్ష్యం అయిపోదు, అది తమ దగ్గర రోజూ రాసేదే అని ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే మేనేజర్ పుస్తకంతో వచ్చి సాక్ష్యం కూడా చెప్పాలని అడిగించారు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోని మేడమ్‌కు కూడా దండం. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారని చెప్పారు. సగం దూరం వచ్చేశాను, నేనే చూసుకుంటానంటే విసుక్కోలేదు. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు) ఖరారయ్యాక 15 రోజుల్లోపు సాక్షుల జాబితా వేయాలనీ, సాక్షి బత్తా (సాక్షి రాకపోకల ఖర్చు) ముందే కోర్టులో కట్టాలనీ ఓపిగ్గా చెప్పారు. ఆ జాబితా టైముకు వేయకపోయుంటే, ఎందుకు ఆలస్యమైందో ముందు కోర్టును ఒప్పించుకోవాల్సి వచ్చేది. ఆ టెన్షన్ తప్పింది.

సమన్లు నేనే స్వయంగా అందజేయడానికి కోర్టు అనుమతిచ్చింది. నా కన్నడం అంతంతమాత్రం కాబట్టి ఆఫీసు తమ్ముడొకరు సెలవు పెట్టి మరీ వెంట వచ్చాడు. మేనేజర్ సంతకం పెట్టేదాకా కదల్లేదు. తమ్ముడూ, నీకు బిర్యానీ బాకీ.

తీర్పు ఇంకా రాలేదు, వచ్చే వాయిదాకు వాదనలు. ఆ అప్లికేషన్ నమూనా కావాలంటే మెసేజ్ పెట్టండి, పేర్లు తీసేసి పంపిస్తాను.