బెట్ట (కన్నడంలో కొండ) దిగడం గురించి ఒక్క ముక్కా రాయరేం?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన స్క్రాంబ్లింగ్ వ్యాసం గురించి ఈ ఉత్తరం. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. బెంగళూరు చుట్టుపక్కల బండలెక్కండి, కొత్తవాళ్లకి ఏ అనుభవమూ అక్కర్లేదు అని రాశారు. ఫొటోలో కుర్రాడు బండ అంచున చేతులు చాపి నిలబడ్డాడు, కాళ్లకి స్లిప్పర్లు! పేజీ మొత్తం వెతికినా దిగడం గురించి ఒక్క ముక్క లేదు.

మామూలు కొండ నడకకీ, తాడు కట్టుకుని చేసే రాక్ క్లైంబింగ్‌కీ మధ్యది స్క్రాంబ్లింగ్. చేతులు కూడా ఆనిస్తేనే ముందుకు పోగలం. ఎక్కేటప్పుడు పట్టు కళ్లెదురుగా ఉంటుంది, దిగేటప్పుడు పాదం ఎక్కడ పెట్టాలో సరిగ్గా కనపడదు. దిగలేమనిపించిన చోటు ఎక్కకూడదని కొత్తవాళ్లకి ముందు చెప్పాలా వద్దా? రెండు చేతులూ రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు రాతికి ఆని ఉండాలని, బరువు వేసే ముందు రాయి కదులుతోందేమో తట్టి చూడాలని, వాన పడితే నీళ్లు పారే నల్లటి చారల మీద కాలు పెట్టొద్దని రాయడానికి ఎంత చోటు పడుతుంది?

రెండేళ్ల కింద ఏప్రిల్‌లో మా అక్క కొడుకు నన్నూ సావనదుర్గకి లాక్కెళ్లాడు. 1226 మీటర్ల ఎత్తున్న రాతికొండ అది. వాట్సాప్‌లో డబ్బులు కట్టించుకున్న నిర్వాహకుడు ముప్ఫై మందికి ఒక్క కుర్రాణ్ణి తోడు పంపాడు. పైన నంది మంటపం దగ్గర ఫొటోలు అయ్యేసరికి పదకొండు దాటింది, రాయి పెనంలా కాలుతోంది. సగం దిగాక మావాడు బిగుసుకుపోయాడు. షూ అడుగులు నున్నగా అరిగి ఉన్నాయి, భయంతో వెనక్కి వాలేకొద్దీ కాలు ఇంకా జారుతోంది, చెయ్యి ఆనిద్దామంటే కాలుతోంది. ఇరవై నిమిషాలు అక్కడే. చివరికి మజ్జిగ అమ్ముకునే పెద్దాయన టైరు చెప్పులతో వచ్చి, "వెనక్కి వాలకప్పా, మోకాళ్లు వంచు, అడుగు మొత్తం రాతికి ఆనించు" అంటూ, అడుగడుక్కీ వాడి పాదం కింద తన పాదం అడ్డం పెట్టి దించాడు. నిర్వాహకుడు పంపిన కుర్రాడు అప్పటికే బస్సులో కూర్చున్నాడు. అడిగితే "మీ రిస్క్ సార్, మెసేజ్‌లో పెట్టాం కదా" అన్నాడు.

అధికారుల సంగతీ చెప్పాలి. ఎక్కడైనా ఎవరైనా పడితే గేటుకి తాళం వేస్తారు, గొడవ చల్లారాక తీస్తారు, మధ్యలో మారేదేమీ ఉండదు. 2024 జనవరిలో మన కర్ణాటకలోనే కుమార పర్వత అనే కొండ మీద జనం కిక్కిరిసిన ఫొటోలు తిరిగాక ట్రెక్కింగ్ ఆపి, తర్వాత ఆన్‌లైన్ బుకింగ్ పెట్టారు. రద్దీ తగ్గితే మంచిదే, కానీ టికెట్ ఉన్నంత మాత్రాన బండ దిగడం వస్తుందా? తమిళనాడులో 2018 మార్చిలో కురంగణి కొండల్లో రేగిన కార్చిచ్చుకి 20 మందికి పైగా ట్రెక్కర్లు బలయ్యారు. అక్కడ 2024లో ప్రభుత్వమే ట్రెక్కింగ్ పథకం పెట్టి, శిక్షణ ఇచ్చిన స్థానికుల్ని గైడ్లుగా పంపుతోంది. మనకీ సాహస క్రీడలు నేర్పే జనరల్ తిమ్మయ్య అకాడమీ ఉంది, మీ వ్యాసంలో దాని పేరే రాలేదు. ఆ మజ్జిగ పెద్దాయన లాంటివాళ్లు ప్రతి బెట్ట కిందా ఉంటారు, వాళ్లకి నాలుగు రోజులు శిక్షణ, ఒక హెల్మెట్, రోజుకూలీ ఇవ్వలేరా?

వానలు మొదలవుతున్నాయి. ఎక్కడానికి ఇచ్చినంత చోటు దిగడానికీ ఇచ్చి, అదే పేజీలో ఇంకో వ్యాసం వేయండి. మా అక్క కొడుకు వచ్చే వారం మధుగిరి బండకొండ ఎక్కడానికి వెళ్తానంటున్నాడు. వాడు నా మాట వినడు గానీ మీ అనుబంధం తప్పకుండా చదువుతాడు.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు